ఇంటిల్లిపాదీ ఎక్కితేనే పోయే బ్రేకు

డాక్టరు నాలుక చూసి రోగం చెబితే, నేను పెడల్ తొక్కి చెబుతాను. కాలు పెట్టగానే ఇడ్లీ మీద అడుగేసినట్టు మెత్తగా దిగిందంటే పైపుల్లో గాలి చేరినట్టు. ఏకంగా నేలకు తాకిందంటే ఆయిల్ ఎక్కడో కారిపోతున్నట్టు. ఆపబోతే బండి పెళ్లిలో అలిగిన బావలా ఒక పక్కకు మొహం తిప్పుకుందంటే ఒక చక్రం పట్టి ఇంకోటి పట్టనట్టు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు ఈ చదువుతోనే ఇల్లు గడిచింది. డెబ్బైల చివర్లో హన్మకొండ నుంచి కాజీపేట పోయే రోడ్డు మీద నాదొక రేకుల షెడ్డు.

ఆ షెడ్డుకు ఒక బట్టల సేటు కారు చుట్టపు చూపుగా వచ్చిపోయేది. ముసలి కారు. దాన్ని నడిపే కాకా దానికంటే కొంచెం ముసలి. సేటు ఆ కారును కొన్నప్పుడు స్టెప్నీ, జాకీలతో పాటు కాకా కూడా వచ్చాడని బజార్లో నవ్వుకునేవాళ్లు. అది నిజమే. పాత యజమాని దగ్గర కూడా ఆయనే డ్రైవరు.

ఒక పొద్దున కాకా ఉత్త కాళ్లతో దిగి బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"ఏంది కాకా, మల్లచ్చినవ్? నా మీద మనసైందా?"

"మనసు గాదు తమ్మీ, బ్రేకు. నిన్న చౌరస్తల తొక్కితె రాయి తొక్కినట్టయింది. పెడల్ దిగలే, బండాగలే. హాండ్ బ్రేక్ గుంజితె ఆగింది. రిక్షాకు గింతెడు దూరంల."

నేనెక్కి ఒక చుట్టు తిప్పుకొచ్చాను. కారు బుద్ధిమంతుడిలా ఎక్కడ తొక్కితే అక్కడ ఆగింది. అయినా చక్రాల బ్రేకు డ్రమ్ములు విప్పి దుమ్ము దులిపి, లైనింగులకు ఉప్పు కాగితం పట్టించి పంపాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. ఈసారి చక్రాల దగ్గరి రబ్బర్లన్నీ మార్చాను. కాకా పెడల్ కొడుతుంటే నేను కింద పడుకుని నట్టు వదులు చేసి పైపుల్లోని గాలి తీశాను. బ్రేకు అద్భుతంగా పనిచేసింది, మళ్లీ మా షెడ్డులో మాత్రమే.

మూడోసారి సేటే స్వయంగా వచ్చాడు.

"ఏమయ్యా మేస్త్రీ, నువ్వు కూసుంటె ఆగుతది, మేము కూసుంటె ఆగది. తెల్వక అడుగుత, బ్రేకు నీకేమన్న సుట్టమా?"

"నాకు సుట్టం గాదు సేటు, మీకు పగోడు."

ఆయన నవ్వలేదు. "నవ్వులాట గాదు. ఈయనకు కండ్లు కనవడ్తలెవ్వు. జర లేటుగ తొక్కుతాండు. వచ్చే వారం ఇంటోళ్లందరం మేడారం జాతరకు పోవాలె. గాలోపు వేరే డ్రైవర్ను సూసుకుంట."

కాకా భుజం మీది తువ్వాలు తీసి, మరకే లేని అద్దాన్ని తుడుస్తూ నిలబడ్డాడు. నాకు జోకులు అయిపోవడం అరుదు. అప్పుడు అయిపోయాయి.

"సేటు, రేపు ఇంటోళ్లందరినీ ఎక్కించుండ్రి. నేను గూడ ఎక్కుత. రోగమచ్చినప్పుడు సూస్తెనే రోగం దొరుకుతది."

మర్నాడు వాళ్లింటికి పోయి కారులో కాలు పెట్టబోయానో లేదో, సేటు వాళ్లమ్మ గుమ్మంలోంచి ఆపింది. "ఓ బిడ్డా, చెప్పులిడువు. అది లచ్చిందేవి." శుక్రవారం శుక్రవారం ఆ తల్లి స్టీరింగుకు పసుపు కుంకుమ పెట్టేదట. చెప్పులతో ఎక్కడమంటే పూజ గదిలోకి చెప్పులతో పోవడమే. కాకా ఉత్త కాళ్ల రహస్యం అప్పుడు తెలిసింది. ఇంటిల్లిపాదీ చెప్పులు విడిచి, దిగిన చోట కావాలని వాటిని ముందు సీటు కిందికి తోసి, పద్ధతిగా ఎక్కారు. సేటు, నేను ముందు, ఆడవాళ్లు వెనక.

కాజీపేట రైలు బ్రిడ్జి ఎక్కి దిగుతుండగా అడ్డంగా బర్రె వచ్చింది. కాకా బ్రేకు తొక్కాడు.

"గిదే తమ్మీ, గిదే. దిగుతలేదు." హాండ్ బ్రేక్ గుంజి ఆపాడు.

అందరూ బర్రెను చూస్తుంటే నేను సేటు ఒళ్లో అడ్డంగా పడి కాకా కాళ్ల దగ్గర తలపెట్టాను. బండి వాలుకు దిగగానే సీటు కింది నుంచి జారి వచ్చిన ఒక కిర్రు చెప్పు, పెడల్ కింద హాయిగా పడుకుని ఉంది. ఇన్నాళ్లూ దొరకనిది ఎందుకంటే, ఇల్లు చేరగానే దొంగ ఎవరి కాలికో తగులుకుని లోపలికి వెళ్లిపోయేవాడు.

చెప్పును పైకెత్తి చూపించాను. "సేటు, దొంగ దొరికిండు. మీ ఇంటోడే."

సేటు చూశాడు. చెప్పు ఆయనదే. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "కాకా కండ్లు మంచిగనే ఉన్నయ్ తియ్."

రోగం తెలిసింది గానీ మందు దొరకలేదు. చెప్పులు డిక్కీలో పెడదామన్నాను.

"డిక్కీల అమ్మోర్ల బంగారముంటది," అంది తల్లి. మేడారంలో మొక్కు తీర్చే బెల్లాన్ని మావాళ్లు బంగారమే అంటారు. దాని పక్కన చెప్పులు పెట్టమని చెప్పే ధైర్యం నాకెక్కడిది.

"అయితె మీద క్యారియర్ల కట్టుదాం పెద్దమ్మా."

"నా నెత్తి మీద చెప్పులా? నీకు తెలివి ఎవడిచ్చిండు బిడ్డా?"

"బడోళ్లు ఇద్దామనుకున్నరు పెద్దమ్మా, నేనే ఆగలే."

చివరికి ఆమే తీర్పు చెప్పింది. అమ్మల దగ్గరికి ఎట్లాగూ ఉత్త కాళ్లతోనే పోవాలి. ఇంట్లో ఎవరూ ఉండరు, గుమ్మంలో వదిలితే పోతాయి గనక చెప్పులు మేస్త్రీ దగ్గర ఉంటాయి. జాతరకు బయల్దేరిన పొద్దున కారు నా షెడ్డు ముందు ఆగింది. షెడ్డులో నా పాత టైర్ల పక్కన చెప్పులు వరసగా పెట్టి, స్టీరింగు వెనక కాకాతో సహా అందరూ ఉత్త కాళ్లతో వెళ్లిపోయారు. వాళ్లు వచ్చేదాకా దారిన పోయే ప్రతివాడికీ నేనే ఆట.

"ఏందిరో, చెప్పుల దుకాణం వెట్టినవా?"

"అన్నా, ఒక కొబ్బరికాయ గూడ కొట్టి పో," అనేవాణ్ణి.

తిరిగొచ్చిన సాయంత్రం, ఎర్ర దుమ్ము కొట్టుకున్న కారు రోడ్డు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చింది. చెప్పుల వరసకు జానెడు దూరంలో, చప్పుడు లేకుండా నిలిచింది. సేటు తల బయటపెట్టి చూసుకున్నాడు.

"ఏమయ్యా, ఇంకింత ముంగటికొస్తె నా చెప్పులు నుజ్జునుజ్జయితుండె గద."

కాకా పెడల్ మీద కాలు తియ్యకుండానే అన్నాడు. "గావు సేటు. బ్రేకున్నది."