విత్తనానికి వదిలిన మొక్కలు

పిన్ని పోయిందని నాకు కుళాయి దగ్గర తెలిసింది. పొద్దుటి నీళ్లు వచ్చే వేళ. నా బకెట్టు ఇంకా వరసలో వెనకే ఉంది. ఆస్పత్రిలో ఆమె దగ్గర ఉండి వచ్చిన మా ఆయన సైకిలు దిగి, దాన్ని గోడకు ఆనించి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. ముందున్న బెంగాలీ ఆవిడ తన బిందె పక్కకు లాక్కుని నా బకెట్టును కుళాయి కింద పెట్టింది. అది నిండి పొర్లిపోతున్నా నేను అలాగే చూస్తూ నిలబడ్డాను.

ఆమె నాకు చుట్టం కాదు. హౌరాకు నది ఇవతల, వాట్‌గంజ్‌లో రేవు గోదాముల వెనక, మా కూలీల ఇళ్ల లైన్లో గోడ అవతలి మనిషి. పలాస దగ్గరి పల్లె నుంచి నేను కొత్త కోడలిగా ఇక్కడికి వచ్చేసరికి మా అత్తగారు అప్పటికే లేరు. బొగ్గుల కుంపటి ఎలా రాజేయాలో, చేపలవాడిని ఏమని పిలవాలో, ఆదివారం ఏ సందులోంచి వెళ్తే మన తెలుగు చర్చి వస్తుందో చూపించింది ఆమే. అందుకే పిన్ని అన్నాను. ఆమె భర్తను బాబాయి అన్నాను.

మన సంఘంలో చాలామందికి ఆమె గుమ్మం పక్కన చాప మీద కూర్చునే మనిషిగానే తెలుసు. చదువు రాదు. కీర్తనలన్నీ నోటికి వచ్చు. ప్రార్థనలో మాత్రం కళ్లు మూసుకునేది కాదు. అదేమిటని ఓసారి అడిగాను.

"కళ్లు మూసుకుంటే మడిలోకి మేక ఎల్లిపోద్దే గుంటా."

"చర్చిలో మేకెక్కడిది పిన్నీ?"

"అలవాటైపోనాది, మరేటి సెయ్యను" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ మడి గురించి చెప్పకుండా ఆమె గురించి చెప్పడం నాకు చేతకాదు. గోదాము గోడకూ మా ఇళ్ల వెనక గోడకూ మధ్య నాలుగు మంచాలు పట్టేంత నేల ఉంది. ఆమె కాపురానికి వచ్చేనాటికి అందులో బొగ్గు బూడిద, ఇటుక ముక్కలు, తుప్పు పట్టిన మేకులేనట. దాన్ని ఆమె బంద్ రోజుల్లో తవ్వుకుంది. బంద్ అంటే రేవులో పని ఉండదు, బస్సులు ఉండవు, కొట్లు తెరవరు. మగవాళ్లు అరుగుల మీద పేకాటకు కూర్చుంటే ఆమె గునపం పట్టేది. పార్టీ ఆఫీసు మనిషి ఒకాయన అటు వచ్చి, "మాసీ, ఈరోజు ఎవరూ పని చెయ్యకూడదు" అన్నాడట. "నీ బంద్ గేటు అవతల దాదా. ఇది నా వంటిల్లు" అందట పిన్ని. ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడని మా ఆయన చెప్పేవారు.

దుర్గ పూజలు అయిపోయి, వానలు తగ్గి, నేల ఆరాక ఆమె చుక్కకూర విత్తేది. పెళ్లయి ఈ ఊరు వచ్చేటప్పుడు వాళ్లమ్మ కొంగున కట్టి ఇచ్చిన విత్తనం అది. ఇక్కడి బజారులోనూ చుక్కకూర దొరుకుతుంది. టక్ పాలంగ్ అంటారు. మంచిదే. కానీ కొంచెం ఎండ తగలగానే అది కాడ వేసి పూతకొచ్చేస్తుంది, ఆకు చిన్నబోతుంది. పిన్ని మడిలోది చలికాలం పొడుగునా కోసుకునేవాళ్లం. అరచెయ్యంత ఆకు, దళసరిగా ఉండేది, గిల్లితే గోటి సందున నీరు కారేది. చుట్టూ ఆకులు గిల్లేది గాని నడిమి మొవ్వును ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఎండు రొయ్యలు వేసి ఆమె చుక్కకూర వండిన రోజు గోడ ఇవతల నా పిల్లలు కంచం ముందు కూర్చుని, "మామ్మ గిన్నె ఇంకా రాలేదేటి" అని అడిగేవారు.

ఆ ఆకు అలా ఉండడం ఊరికే జరిగింది కాదని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఏ మొక్క ముందుగా కాడ వేస్తుందో దాన్ని ఆమె పూత రాకముందే పీకి వండేసేది. దాని పుప్పొడి గాలికి పోయి మిగతా వాటికి తగలకూడదు. అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే బలంగా నిలబడ్డ రెండు మూడు మొక్కలను విత్తనానికి వదిలేది. వాటి మీంచి ఒక్క ఆకు కూడా గిల్లేది కాదు. చలి పోయాక అవి పూసి, రేకుల్లాంటి తొడుగుల్లో విత్తు కట్టి, ఎర్రబడి, ఆరేదాకా వాటికి కాపలా కాసేది.

"అంత మంచివి వదిలీసి ఈ బక్కవి వండుతావేటి పిన్నీ?" అని అడిగాను, చివరికి ఓ ఏడు.

"మంచివి తినీసి బక్కవి దాసుకుంటే, వచ్చే ఏడు మడంతా బక్కవే మొలుత్తాయి. మా అమ్మ ఇచ్చిన ఆకు నా సేతుల్లో పోకూడదే. నాకున్న బెంగల్లా అదే."

పుట్టింటి నుంచి ఆమెకు మిగిలింది అదొక్కటే. తల్లి పోయినప్పుడు కబురు ఆలస్యంగా వచ్చింది. హౌరాలో రైలెక్కి వెళ్లేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది.

మన సంఘంలో కోత పండుగ చలికాలం చివర వస్తుంది. ఎవరి కష్టఫలం వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాట పెడతారు. కోళ్లు, గుమ్మడికాయలు, అల్లిన స్వెట్టర్లు. పిన్ని ఏటా చుక్కకూర కట్ట తెచ్చేది. మంచి కట్టే. అయితే అంతకంటే మంచివి మడిలో నిలబడి ఉన్నాయని అందరికీ తెలుసు. సంఘపెద్ద భార్య ఊరుకునేది కాదు.

"ఏటప్పా, దేవుడికి రెండో రకమా? మొదటి రకం ఇంటికాడ దాసినావా?"

"దాయలేదప్పా. ఆయన నేలలోనే ఆయనకి నిలబెట్టి ఉంచినాను. సూడాలంటే రా, సూపిత్తాను."

అందరూ నవ్వేవారు. బాబాయి నవ్వేవాడు కాదు. వాక్యం బాగా చదువుకున్న మనిషి. ప్రథమ ఫలం దేవుడిదని ఆయన నమ్మకం. ఆ సాయంత్రం గోడ అవతల నుంచి వాళ్ల మాటలు వినపడేవి.

"మంచిది దేవుడిది కాదేటే?"

"ఇత్తనం మట్టుకు దేవుడిది కాదేటి?"

తర్వాత కంచాలు పెట్టుకునే చప్పుడు వినపడేది.

బాబాయి రేవులో గోధుమ బస్తాల దుమ్ములో బతికినవాడు. మొదట గొంతు బొంగురుపోయింది. తర్వాత గుసగుసగా మారింది. ఆస్పత్రివాళ్లు తిప్పి తిప్పి చివరికి జబ్బు పేరు చెప్పారు. ఆ చలికాలం ఆయనకు గంజి దిగడమే కష్టమైంది. పులుపు తగిలితే గొంతు మండుతుందని పిన్ని ఆ ఏడు ఇంట్లో చుక్కకూర వండనే లేదు. కోసి మాకు ఇచ్చేసేది. విత్తనానికి వదిలినవి మూడు ఉన్నాయి. నేను చూసినవాటిలో అంత పెద్దవి అంతకుముందు లేవు.

కోత పండుగ రోజు బాబాయి మాకంటే ముందే చర్చికి వెళ్లాడు. పిన్నీ నేనూ వెళ్లేసరికి బల్ల ముందు ఆ మూడు మొక్కలూ ఉన్నాయి. వేళ్లతో సహా పెకలించి, మట్టి రాలకుండా తడిగుడ్డ చుట్టి నిలబెట్టాడు. పక్కనే ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. పిన్నిని చూసి దగ్గరకు వచ్చి చెవిలో చెప్పాడు. "మొక్కుకున్నానే."

"మూడూనా?" అంది పిన్ని.

పాట పెట్టేవాడు క్రేన్ నడిపే మనిషి, మాటకారి. మొక్కను రెండు చేతులా పైకెత్తాడు. "సూడండి బాబూ సూడండి! ఇది కూరా, కలపా? మంచానికి కోళ్లు సేయించుకోవచ్చు! ఎవరు పాడతారు?" ఖిదిర్‌పూర్‌లో మెస్సు నడిపే ఆయన మొదటి పాట పాడాడు. జనం నవ్వుతున్నారు. నేను పిన్ని చెవిలో అన్నాను, "మనం పాడదాం. వేళ్లు బతికే ఉన్నాయి. ఇప్పుడే పట్టుకెళ్లి పాతేద్దాం." మా ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు.

పిన్ని మొక్కల వైపు చూడడం లేదు. బాబాయిని చూస్తోంది. ఆయన కళ్లు మూసుకుని, చేతులు చాపి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఆ ముఖంలో అంత వెలుగు మేము చూసి ఎన్నాళ్లో అయింది.

ఆమె మా ఆయన చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టింది. "వద్దు బాబూ. మనం తిరిగి తెచ్చీసుకుంటే దేవుడు వద్దన్నాడనుకుంటాడు. ఆ మనిసికి ఇప్పుడు ఆ ఆశే మందు."

మెస్సాయనే పాడుకున్నాడు. సంచీ మురికి కాకుండా గుమ్మం దగ్గరే కత్తితో వేళ్లు నరికాడు. ఆ చప్పుడు చాప మీదికి వినపడింది. పిన్ని తల తిప్పలేదు.

ఈస్టరుకు ముందు, శ్రమదినాల పాటలు పాడుతున్న రోజుల్లో బాబాయి పోయాడు. ఆ మూడు మొక్కలనూ దేవుడు అందుకున్నాడా లేదా అని నేను ప్రార్థనలో చాలాసార్లు అడిగాను. పిన్ని అడగలేదు. ఆయన మాట వస్తే, "తనకి తెలిసిన మంచి తను ఇచ్చినాడు" అనేది. అందులో నిష్ఠూరం ఉందేమోనని నేను వెతికేదాన్ని. కనపడేది కాదు.

అంతకుముందు ఏడాది విత్తనం కొంచెం గాజు సీసాలో బూడిద కలిపి దాచి ఉంది. అది విత్తితే పలచగా మొలిచింది. మళ్లీ ఆ ఆకు అరచెయ్యంత కావడానికి ఏళ్లు పట్టింది. ఈలోపు ఉన్న ఒక్క కూతురికి ఖరగ్‌పూర్ సంబంధం చేసింది. ఒంటరిగా బతికింది. ప్రతి కోత పండుగకూ కట్ట తెస్తూనే ఉంది, ఎప్పటిలాగే రెండో రకం. ఇక ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.

పోయిన వానాకాలం లైన్లోకి నీళ్లొచ్చాయి. మంచాల కింద బిందెలు తేలాయి. నీళ్లు తీసేసరికి పిన్ని సీసా అల్మరా కింద బురదలో దొరికింది. మూత ఊడిపోయి ఉంది. ఆమె గుమ్మంలో కూర్చుని, సరిగా ఆనని కళ్లతో, నల్లబడని విత్తులు ఏరింది. పూజలయ్యాక వాటన్నిటినీ మడిలో వేసేసింది.

"సీసాలో మరేటీ లేదే గుంటా. ఉన్నదంతా నేలలోనే ఉంది."

చలి ముదిరాక ఆమెకు జ్వరం పట్టుకుంది. వెనక గుమ్మంలో మంచం వేయించుకుని వేలితో చూపిస్తుంటే కాడ వేసిన మొక్కలను నేను పీకాను. చివరికి నాలుగు మిగిలాయి. ఆ తర్వాత ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాం. మంచం దొరకలేదు. రెండు మంచాల మధ్య నేల మీద పరుపు వేశారు. ఊపిరి ఆడక మాట తెగిపోతోంది.

"జొరం సంగతి డాక్టరు సూసుకుంటాడు. నువ్వు మేకని సూడు" అంది. మళ్లీ ఊపిరి తీసుకుని, "ఇత్తు ఎర్రబడి ఆరినాక గాని కొయ్యొద్దు. నాను రాలేపోతే నువ్వు కొయ్యి" అంది. సరేనని ఆమె చేతిలో చెయ్యి వేశాను. ఇంటికొచ్చి ఆ నాలుగు మొక్కల చుట్టూ వెదురు బద్దలతో కంచె కట్టాను.

పిన్ని పోయిన రోజే కూతురు, అల్లుడు, పిల్లలు ఖరగ్‌పూర్ నుంచి వచ్చారు. చీకటి పడకముందే మట్టి చేశాం. మర్నాడు పొద్దున జ్ఞాపకార్థ కూడిక విషయం మాట్లాడడానికి నేను పాస్టరు గారి దగ్గరకు వెళ్లాను. తిరిగొస్తుంటే లైను మొదట్లోనే వాసన తగిలింది. చుక్కకూర పప్పు. ఇంకా ఇల్లు చేరలేదు గాని నాకు అర్థమైపోయింది.

పిన్ని ఇంట్లో అందరూ వరసగా కూర్చుని ఉన్నారు. కూతురు గరిటె పట్టుకుని వడ్డిస్తోంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"రా అప్పా, కూకో. అమ్మ సేత్తో ఏసిన ఆకరి కూర. తలా ముద్ద తిని ఎల్దామని కోసీసినాను. ఎంత బాగా పెరిగినాయో! జొరంలో కూడా సుట్టూ దడి కట్టుకుంది, సూడు, పాపం."

తల్లి మడిలో ఆమె ఎప్పుడూ పని చేయలేదు. చిన్నప్పుడు బడికి వెళ్లింది, తర్వాత పెళ్లయి వెళ్లిపోయింది. అవి విత్తనానికి వదిలినవని ఆమెకు తెలియదు. తల్లిని మట్టిలో పెట్టి ఒక రోజు కూడా కాలేదు. దడి నేను కట్టానని కూడా అనలేదు. చాప మీద కూర్చున్నాను.

పిల్లలు మళ్లీ మళ్లీ వేయించుకుంటున్నారు. "అమ్మమ్మ కూర బాగుంది కదేటి?" అని అల్లుడు వాళ్లను అడుగుతున్నాడు. నేను స్తుతి చెల్లించి ముద్ద కలుపుకున్నాను. ఇన్నేళ్లలో అంత మంచి చుక్కకూర నేను తినలేదు. విత్తనానికి వదిలిన మొక్కను పిన్ని ఎప్పుడూ కోయలేదు కదా.

వాళ్లు హౌరాకు బయల్దేరాక వెనక్కి వెళ్లాను. కత్తిపీటతో కాబోలు, నేలకు దగ్గరగా కోసింది. నాలుగు మోళ్లూ కోసినచోట ఇంకా చెమర్చుతున్నాయి. వాటి మీదికి చీమలు పాకుతున్నాయి. ఒక చెంబు నీళ్లు పోశాను.

అప్పటి నుంచి రోజూ పోస్తున్నాను. ఎండలు వచ్చేశాయి. మూడు మోళ్లు నల్లబడి మెత్తబడ్డాయి. నాలుగోదాని అంచు ఒకవైపు ఇంకా పచ్చగానే ఉంది. పొద్దెక్కే వేళకు దాని మీద ఇటుకల ఆసరాతో రేకు ముక్క నీడ పెడతాను. సాయంత్రం రేకు ఎత్తితే కింద నేల చల్లగా, తడిగా ఉంటుంది. ఇంకా ఏమీ మొలవలేదు.