అన్న ఇంటి రిమోట్

మా అమ్మాయి బడి నుంచి వచ్చీ రాగానే సంచి మంచం మీద పడేసి, చాయ కూడా తాగకుండా మా అన్న ఇంటికి పరుగెత్తేది. మంథనిలో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక్క సందే అడ్డం. ఆ సందు ఇంకో పదిమైళ్ళు పొడుగుంటే ఏం పోయేదని ఆ వానాకాలమంతా అనుకుంటూనే ఉన్నాను.

అన్న గల్ఫ్ పని మానేసి వచ్చేస్తూ, టీవీకి పెట్టుకొని ఆడే గేమ్ డబ్బా ఒకటీ, దానికి రెండు కంట్రోలర్లూ తెచ్చాడు. మా ఇళ్ళలో ఎవరమూ వాటిని కంట్రోలర్లు అనలేదు, రిమోట్‌లు అనే అన్నాం. తెచ్చింది కొడుకు కోసం. ఆ కొడుకేమో హైదరాబాద్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు, సెలవులకు వచ్చినా ఫోన్‌లోంచి తల ఎత్తడు. వదినకు మిషన్ కుట్టుతోనే సరిపోతుంది. అట్లా రెండో రిమోట్ మా పిల్ల చేతికి వచ్చింది.

నేను పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. ముందు గదిలోనే కంప్యూటర్, అక్కడే పని. అంటే పొద్దంతా ఇంట్లో ఉండే తండ్రిని. పిల్లకు జ్వరం వస్తే ఆసుపత్రికి ఎత్తుకుపోయింది నేను. సైకిల్ నేర్చుకుంటుంటే వెనక రొప్పుతూ ఉరికింది నేను. అన్నేళ్ళూ ఫోన్ తెరలో చెయ్యి ఊపిన మనిషి వచ్చి సోఫాలో కూర్చొని నాలుగు బొత్తాలు నొక్కేసరికి పిల్ల ఆయనదైపోయింది. నాకు ఒళ్ళు మండకుండా ఎట్లా ఉంటుంది?

ఒకరోజు అన్నానికి పిలుచుకు రమ్మని మా ఆవిడ పంపితే అన్న ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయాను. ఇద్దరూ టీవీ ముందు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. పిల్ల సోఫా మీద ఎగురుతూ అరుస్తోంది.

"బాపూ, గిటు, గిటు. నాకియ్యి. బాపూ, కొట్టు."

పిల్ల ఆయన్ను పెద్దబాపు అని పిలుస్తుంది. బంతి గోల్ దగ్గరికి వచ్చినప్పుడు అంత పేరు పలికే తీరిక ఎక్కడిది? ముందున్న 'పెద్ద' రాలిపోయి ఉత్త బాపు మిగిలాడు. మా నాన్నను మేము బాపు అన్నాం, ఆయన వాళ్ళ నాన్నను బాపు అన్నాడు. నా బిడ్డ మాత్రం నన్ను డాడీ అంటుంది. ఇంగ్లీషు మీడియంలో వేస్తున్నామన్న మురిపెంతో, మాటలొచ్చే వయసులో నేనే దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పించాను. ఇప్పుడు ఆ ఖాళీగా ఉన్న పిలుపులోకి మా అన్న వచ్చి కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు.

"ఏం తమ్మీ, ఆన్నే నిలవడ్డవ్? లోపలికి రా," అన్నాడాయన.

"అన్నానికి రమ్మంటుంది వాళ్ళమ్మ," అన్నాను.

ఆ వారంలోనే ఫ్లెక్సీ పని ఉందని చెప్పి కరీంనగర్ బస్సెక్కాను. గేమ్ డబ్బా కొనే తాహతు నాకు లేదు. ఉత్త రిమోట్ కొని కంప్యూటర్‌కు కలుపుకోవచ్చని ఎక్కడో విన్నాను. పిల్లకు ఆడుకునేది ఇంట్లోనే ఉంటే పక్కింటికి ఎందుకు పోతుంది? సాయంత్రాలు మళ్ళీ నా పక్కన కూర్చుంటుంది. నాకు కావలసింది అంతే.

"కంప్యూటర్‌కు నడుస్తదా భాయ్?" అని దుకాణంలో అడిగాను.

"బరాబర్ నడుస్తది. కేబుల్ పెట్టుడే ఆలస్యం. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు దుకాణదారు. అదే కంపెనీది, అన్న దగ్గర ఉన్నలాంటిదే, ఎవరో వాడి అమ్మేసింది ఇచ్చాడు.

ఇంటికి వచ్చి కేబుల్ పెట్టాను. రిమోట్‌లో దీపం వెలిగింది. కంప్యూటర్ మాత్రం చుట్టం వచ్చినా తల తిప్పని మనిషిలా ఉంది. తీసి పెట్టాను, ఆపి మళ్ళీ ఆన్ చేశాను, కంప్యూటర్ డబ్బా వెనక ఉన్న ప్రతి తొర్రలోనూ గుచ్చి చూశాను. ఇవతల పెళ్ళివాళ్ళు పత్రిక ఏమైందని ఫోన్ల మీద ఫోన్లు.

"అన్నను అడుగరాదు? ఒక్క నిమిషంల జెప్తడు," అంది మా ఆవిడ.

"ఆయన్ని నేనడుగ."

"ఎందుకట్ల కండ్లల్ల నిప్పులు పోసుకుంటవ్? పిల్ల వొయ్యేది సొంత పెద్దబాపు ఇంటికే కద, పరాయోళ్ళ ఇంటికా?"

పరాయివాళ్ళ ఇంటికి పోతే నాకింత మంట ఉండేది కాదని ఆమెకు చెప్పలేదు.

చివరికి సంగతి తెలిసింది. దుకాణంవాడిచ్చిన కేబుల్ చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే రకం, దాంట్లోంచి కంప్యూటర్‌కు ఏ కబురూ పోదు. గిరాకీల ఫోన్లలోంచి ఫొటోలు ఎక్కించుకునే నా పాత కేబుల్ పెట్టగానే కంప్యూటర్ టింగుమంది. అయినా కంప్యూటర్‌లో ఎక్కించి పెట్టుకున్న ఫుట్‌బాల్ ఆటలో బొమ్మ కదల్లేదు. ఫోన్‌లో ఎవరో హిందీలో చెబుతున్న వీడియో చూసి, రిమోట్ భాష ఆటకు అర్థం చేయించే చిన్న ప్రోగ్రాం ఒకటి వేశాను. ఈసారి బొమ్మ నడిచింది, ఉరికింది. ఆ ఆనందంలో బంతిని తీసుకుపోయి మా గోల్లోనే కొట్టాను.

మర్నాడు సాయంత్రం సంచి మంచం మీద పడకముందే పిల్లను ఆపి కంప్యూటర్ చూపించాను.

"మనింట్లనా? నిజంగనా డాడీ?" అంది. రిమోట్ తిప్పి తిప్పి చూసుకుంది. గిరాకీలు కూర్చునే కుర్చీ లాక్కొని నా పక్కనే కూర్చుంది. రిమోట్ తనకు, కీబోర్డు నాకు. నేను ఎటు ఉరకాలో తెలియక మైదానంలో గుండ్రంగా తిరుగుతుంటే అది పొట్ట పట్టుకొని నవ్వింది. వరుసగా ఓడిపోయాను. నా బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు. అన్న ఆ సందు అవతల సోఫాలో ఒక్కడే కూర్చొని ఉంటాడని తలచుకుంటే కడుపు చల్లబడింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చల్లబడింది.

"డాడీ, నీ ఫోన్ ఇయ్యవా?" అంది పిల్ల.

"ఎందుకు?"

"పెద్దబాపుకు చేస్త. నీకు కీబోర్డు మీద వస్తలేదు కద. ఆయన తన రిమోట్ తెచ్చుకుంటడు. ఇన్ని రోజులు నేనే పోవుడాయె. ఇగ రోజూ ఆయననే మనింటికి వస్తడు."

ఫోన్ ఇచ్చాను. ఇవ్వకుండా ఏమని చెప్పను? అన్న ఇంట్లో ఉన్నదే నా ఇంట్లోనూ పెడితే చాలనుకున్నాను. పిల్ల పోయింది దానికోసం కాదు.

చెప్పులు టపటపలాడించుకుంటూ అన్న వెంటనే వచ్చాడు. చేతిలో రిమోట్, దాని కేబుల్. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

"కంప్యూటర్ల సంగతి నాకు తెల్వది తమ్మీ. గీ ముచ్చట్ల నీకున్న తెలివి నాకేడిది? జర నువ్వే పెట్టియ్యి," అన్నాడు.

బల్ల కిందికి వంగి రెండో రిమోట్‌నూ నేనే కలిపాను. ఒక్కసారికే కలిసింది. పైకి లేచి నా కుర్చీలో కూర్చొని ఆట తెరిచాను. తెర మీద ఇద్దరు ఆటగాళ్ళకూ చోటు వచ్చింది. పిల్ల నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అంది.

"జర లేవ్ డాడీ, పెద్దబాపు కూసుంటడు."