పెరిగిందంటే సంతోషపడ్డాం

మిరపకాయలు ఏరుతున్న రోజు నా దగ్గు ఆగలేదు. మిరపచేలో అందరూ దగ్గుతారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇంటికొచ్చాక ఉమ్మిలో ఎర్రటి చార కనబడితే భయమేసింది. పెద్దవంగర ఆసుపత్రిలో ఇచ్చిన సిరప్ పనిచేయలేదు. మహబూబాబాద్‌లో ఎక్స్‌రే తీసి, "కుడిపక్క నీడ ఉందమ్మా, వరంగల్ పోండ్రి" అన్నారు.

అక్కడ సీటీ స్కాన్, బయాప్సీ చేసి లంగ్ క్యాన్సర్ అని తేల్చారు. డాక్టర్ మొదట అడిగింది, "చుట్ట తాగుతారా అమ్మా?" అని. పొయ్యి పొగ తప్ప నేను ఇంకో పొగ ఎరగను. ఊళ్లో మాత్రం నేను చాటుగా బీడీలు కాలుస్తానని చెప్పుకున్నారు. కొందరు పలకరించడానికి వచ్చి మరీ అడిగారు.

"ఎర్లీ స్టేజ్. ఆపరేషన్‌తో సరిపోతుంది, అదృష్టవంతులు" అన్నాడు డాక్టర్. లోబెక్టమీ చేశారు. ఊపిరితిత్తిలో ఒక భాగం పోగొట్టుకుని అదృష్టవంతురాలిగా ఇంటికొచ్చాను. "సీఈఏ అని ట్యూమర్ మార్కర్ ఉంటుంది. రికరెన్స్ గురించి కొంత తెలుస్తుంది. మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి, రిపోర్ట్‌తో స్కాన్‌కు రండి" అని ఇంటికి పంపేటప్పుడే డాక్టర్ చెప్పాడు. అది పెరగాలో తగ్గాలో చెప్పలేదు. అప్పటికే ఇంకో పేషెంట్‌ను లోపలికి పిలిచారు.

రెండుసార్లు నార్మల్ వచ్చింది. ఆ తర్వాత రిపోర్ట్ కోసం మా ఆయన ఒక్కడే తొర్రూరు ల్యాబ్‌కు వెళ్లాడు. "పోయినసారి కంటె పెరిగిందన్నా, సార్‌కు చూపెట్టు" అన్నాడట ల్యాబ్ అతను. మా ఇంట్లో రక్తపరీక్షలో పెరిగిందంటే శుభవార్తే. నేను కడుపుతో ఉన్నప్పుడు నర్సమ్మ ఐరన్ గోళీలు ఇచ్చింది రక్తం పెరగాలనే కదా.

"నీ రక్తం పెరిగిందట. ఇగ ఫికర్ లేదు" అంటూ ఆయన కోడిని కోశాడు. నేను రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను. మిరపనారు వేసే రోజులు కావడంతో స్కాన్ సంగతి తర్వాత చూద్దామనుకున్నాం.

ఆ తర్వాత మెడ కింద గడ్డ తేలింది. స్కాన్ చూసి రికరెన్స్, అంటే జబ్బు తిరగబెట్టింది అన్నారు. డాక్టర్ పాత రిపోర్ట్ తీసి, "అప్పుడే ఇంత పెరిగితే ఎందుకు రాలేదు? ఎక్కువుందని పక్కన స్టార్ గుర్తు కూడా ఉంది కదా" అని కసిరాడు.

"పెరిగిందంటే మంచిగైందనుకున్న సార్. గా చుక్క సంగతి మాకేం ఎరుక" అన్నాడు మా ఆయన, తల వంచుకుని.

"అప్పుడే వస్తే నాకు నయమయ్యేదా?" అని నేను అడిగాను.

"చెప్పలేం. మార్కర్ ఒక్కదాన్ని చూసి ఏదీ ఖాయంగా చెప్పలేం."

చెప్పలేనప్పుడు మా ఆయన్ని కసరడం దేనికో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు రోజూ ఒక క్యాన్సర్ గోళీ మింగుతున్నాను. ముఖమంతా పొక్కులు, కడుపు ఎప్పుడు కదులుతుందో తెలియదు. గడ్డ తగ్గింది. ఎన్నాళ్లు తగ్గి ఉంటుందో అదీ చెప్పలేమన్నారు. మా ఆడబిడ్డ వచ్చి, "మంచిగ కనవడుతున్నవ్ వదినె" అంటే ఒళ్లు మండుతుంది. డాక్టర్ మీద కోపం పోలేదు. కోడి కోసిన మనిషి మీదా పూర్తిగా పోలేదు. ఆయన ఇప్పుడు మిరపచేను పెరిగిందని కూడా అనడు. ఏపుగా ఉందంటాడు.

మీకు ఏ పరీక్ష రాసినా కుర్చీలోంచి లేవకముందే ఒకటి అడగండి: ఇది పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా? డాక్టర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మేము అడగలేదు, కోడి కూర వండుకున్నాం.