మొగం తిప్పుకునే అత్త

జంగమకోటెలో మా అత్త పట్టుపురుగులు మేపుతుంది. కాళ్లూ చేతులూ మందునీళ్లతో కడుక్కోనిదే షెడ్డులోకి ఎవరూ పోకూడదు. పోతే పురుగులకు రోగం తగులుతుంది. కూలివాళ్లు కడుక్కునేటప్పుడు అత్త కావాలనే మొగం తిప్పుకునేది.

"మనం చూస్తాంటే మనకోసం కడుక్కుంటారప్పా. చూడకుంటే పురుగుల కోసం కడుక్కుంటారు" అనేది.

పోయిన పంటకు రోగం వచ్చింది. నేను కూలివాళ్లనే అనుమానించి, అత్తను అడక్కుండా షెడ్డు వాకిట్లో కెమెరా పెట్టించాను. రోగం కొనితెచ్చిన పురుగు గుడ్లలోనే ఉందని తర్వాత తెలిసింది. కెమెరా తీయిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఊరుకున్నాను.

పొద్దున్నే బెంగళూరులో నా ఫోనులో ఆ కెమెరా తెరిచి చూస్తాను. అత్త చేతులు కడుక్కుని, రెండు అరచేతులూ కెమెరా వైపు ఎత్తి, తిప్పి చూపించి లోపలికి పోతుంది.

నేను మొగం తిప్పుకుంటాను.