నడిమింట్లో నాన్న కర్ర చప్పుడు

ఇవాళ పక్క ఫ్లాట్‌లో టైల్స్ వేసే అతను ఒక్కో టైలునూ కర్రతో తట్టి చూస్తుంటే, చదువుతున్న పుస్తకం మూసేశాను. గోదావరిఖనిలో నాతో చదివినవాళ్ళలో ఎవరి నాన్నైనా బొగ్గు బాయి దిగినవాడైతే, ఆ చప్పుడు సంగతి తెలిసే ఉంటుంది. గని లోపల పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో తట్టేవాళ్ళు. డొల్లగా మోగితే కప్పు కూలుతుందని వెనక్కి వచ్చేసేవాళ్ళు.

నేను ఆరో తరగతి పరీక్షలు రాసిన వేసవి అది. నాన్న ఆయాసంతో అన్‌ఫిట్ అయ్యాడు, ఉద్యోగం పోయింది. బడి తెరిచేలోపు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. అందుకే ఒక పాత ఇల్లు కొని, సెలవులంతా అమ్మా నాన్నా నేనూ ముగ్గురం దాని గోడలు గీకి సున్నం వేశాం.

ఒక మధ్యాహ్నం నాన్న అలవాటుగా కర్ర తీసుకుని కప్పు తట్టాడు, గోడలు తట్టాడు, నడిమింట్లో నేల తట్టాడు.

"అన్నా, ఇది బాయి గాదు, ఇల్లు. ఎవ్వల్ని లేపుతున్నవ్?" అని పగుళ్ళు పూడ్చడానికి పిలిచిన సుతారి మేస్త్రీ నవ్వాడు.

నాన్న మళ్ళీ మూడుసార్లు తట్టి ఆగాడు. నేల కింద నుంచి, మెల్లగా, మూడు దెబ్బలు వినిపించాయి.

సుతారి తాపీ కింద పెట్టాడు. నాన్న నేలకు చెవి ఆనించి విన్నాడు.

సున్నం చేతులతో అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏందయ్యా గా సప్పుడు? ఇల్లు మంచిగనే ఉన్నదా? మనకింకో జాగ లేదు."

నాన్న లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఏం లేదే. నీళ్ళ పైపు కొట్టుకుంటున్నది. ఫికర్ జెయ్యకు."

"గంతేనా" అంటూ అమ్మ మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళింది. ఆ ఇంటికి ఇంకా పైపు వేయలేదు. నెల రోజులుగా వీధి చివరి నుంచి బిందెలతో నీళ్ళు మోస్తున్నది అమ్మే.