చిలుకల్ని తోలిన ప్రోగ్రాం

నారాయణఖేడ్‌లో కంప్యూటర్ కనిపెట్టింది మక్బూల్. నమ్మకపోతే ఆయన్నే అడగండి. ముప్పై అయిదేళ్లుగా బస్టాండు పక్కన చాయ్ హోటల్లో ఆయన చెబుతున్నది అదే. బీదర్‌లో ఆరు నెలలు కంప్యూటర్ క్లాసుకు వెళ్లి ఏడో నెలలో మానేశాడు. నేర్పడానికి వాళ్ల దగ్గర ఇంకేమీ మిగల్లేదన్నది ఆయన వాదన. ఆ ఆరు నెలల్లో ఒక ప్రోగ్రాం రాశాడట. వారం నంబరు కొడితే ఆ రోజు అంగడి, అంటే సంత, ఏ ఊళ్లోనో తెర మీద పడుతుందట. ఆ మాత్రం మేకపిల్ల కూడా చెబుతుంది కదా అని ఎవరైనా అంటే, మేకకు కీబోర్డు ఉందా అని అడిగేవాడు.

రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసి బతికిన మనిషి ఇప్పుడు చార్జర్ వైర్లు అతుకుతున్నాడు. ఊరు మాత్రం ఆయన్ని కంప్యూటర్ మక్బూల్ అనే పిలుస్తుంది, బట్టతలాయన్ని జులపాల రాజా అన్నట్టు. అరవై దాటాక ఆ పేరు ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. కళ్లు మూసేలోపు ఒక్కసారి ఆ ప్రోగ్రాం ఊరి ముందు నడవాలి. నడవకపోతే సమాధి మీద కూడా 'కోతలరాయుడు' అనే రాస్తారు.

బీదర్ క్లాసులోని మిషన్‌కు అచ్చం నకలు చేసి ముక్కలుగా అమ్ముతున్నారని తెలిసి తెప్పించుకున్నాడు. నెలరోజులు కూర్చుని ముక్క ముక్కా అతికాడు. పాత టీవీకి తగిలించి స్విచ్ వేస్తే, మిషన్ ఒక గీతను మిటకరించి ఊరుకుంది. దానికి భాష రాదు. బేసిక్ అనే పాత భాషను టేపు చప్పుడుగా చెవిలో పోస్తే తప్ప నోరు విప్పదు.

ఆ చప్పుడును నెట్‌లో వెతికిపెట్టింది దశరథ్. హోటల్ పక్కనే ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే కుర్రాడు, మక్బూల్ మీద జోకులకు హోల్‌సేల్ డీలర్. ఫోన్‌ను వైరుతో మిషన్‌కు కలిపారు. మొదటిసారి మధ్యలో వాట్సాప్ టింగుమంది. అదీ భాషే అనుకుని మిషన్ బిగుసుకుపోయింది. రెండోసారి లోను కావాలా అంటూ ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. మూడోసారి విమానం గుర్తు నొక్కి, సౌండు చివరికంటా పెంచి, ఒక చాయ్ మరిగేంతసేపు ఊపిరి బిగబట్టారు. తెర మీద 'రెడీ' అని పడింది.

"భాషయితే వచ్చింది చాచా. ఇగ నీ ప్రోగ్రాం ఏది?" అన్నాడు దశరథ్.

అదీ క్యాసెట్‌లో చప్పుడుగానే ఉంది; మంచం కింద గోనెసంచీలో, పాత పాటల క్యాసెట్ల మధ్య ఉండాలి. ఇంటికెళ్లి వంగి చూస్తే సంచీయే లేదు. భార్య నజ్మున్నీసా బియ్యం ఏరుతూ తలెత్తకుండా సంగతి చెప్పింది. రెండు వారాల కింద నాగల్‌గిద్ద సంగప్ప వచ్చి, జొన్నచేలో చిలుకల్ని తోలడానికి పాత రీళ్లు అడిగితే ఇచ్చేసిందట. ఊడ్చిన ప్రతిసారీ చీపురుకు అడ్డం పడిన సంచీ పుణ్యానికి పోయిందని ఆమె సంతోషం.

సంగప్ప చేను పెళ్లిపందిరిలా ఉంది. కంకుల మీదుగా పదకొండు వరసల రీలు గాలికి బుర్రుమంటూ మెరుస్తోంది. రీలు తిరిగి కావాలన్నాడు మక్బూల్.

"హౌదు భాయ్, ఇప్పుకో," అన్నాడు సంగప్ప. "గానీ అప్పటిదాంక చిల్కల్ని ఎవలు తోలాలె? నీ కంప్యూటరా?"

అలా ఊరికి కంప్యూటర్ తెచ్చిన మహానుభావుడు రెండు రోజులు మంచె ఎక్కి వడిసెల తిప్పాడు. మధ్యమధ్య దిగి ఒక్కో వరసా విప్పి, చుట్టి, టేపురికార్డర్‌లో పెట్టి విన్నాడు. ఒకదాంట్లో ఖవ్వాలీ, ఒకదాంట్లో ఎవరిదో బారాత్ బ్యాండు. తొమ్మిదో వరసలో పెనం గీకినట్టు కీచుమంది. మక్బూల్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వరస కింద కట్టేసిన ఎద్దు ఇప్పటికీ అంగడి రోజునే బండికి మెడ ఇస్తుందని సంగప్ప ఒట్టేసి చెబుతాడు.

బుధవారం పొద్దున హోటల్ నిండా జనం. స్పిరిటుతో తుడిచి, తెగినచోట అతికించిన టేపు నాలుగుసార్లు మొరాయించి అయిదోసారి ఎక్కింది. సోమవారం ఒకటి కాబట్టి, బుధవారానికని దశరథ్ మూడు నొక్కాడు. బండపల్లి, అంది తెర.

హోటల్ ఘొల్లుమంది. బండపల్లి అంగడి శనివారమని కుక్కలకు కూడా తెలుసు.

"నిన్ననే కొట్టి టేపులకెక్కించినవ్ చాచా," అన్నాడు దశరథ్. "గదిగూడ తప్పు కొట్టినవ్."

అలా ఎందుకు రాశాడో మక్బూల్‌కే గుర్తు లేదు. వైర్లు పీకబోయాడు. అప్పుడు గడప దగ్గర చాయ్ తాగుతున్న భీమమ్మ గ్లాసు కింద పెట్టింది. నలభై ఏళ్లుగా మిరపకాయల గంప నెత్తిన పెట్టుకుని ఈ అంగళ్లన్నీ తిరిగిన మనిషి.

"ఏంది నవ్వుతున్రు? బండపల్లి అంగడి అప్పట్ల బుధారమే. వాగు మీద బ్రిడ్జి పడ్డంక శనారం జేసిన్రు. నా పెద్దోడు తొట్టెల ఉండె. నీకెట్ల ఎర్కుంటది దశరథ్, నువ్వు పుట్టనే లేదాయె."

ఊరంతా మరిచిన సంగతిని నిన్న కొట్టడం ఎవరి తరం? సరైన జవాబు వచ్చి ఉంటే మక్బూల్ అబద్ధాలకోరుగానే మిగిలేవాడు. తప్పు జవాబు ఆయన్ని నిజాయితీపరుణ్ణి చేసింది. దశరథ్ తన రుమాలుతో మిషన్ ముందు బల్ల తుడిచి, ఇంకోసారి నడిపించమన్నాడు. ఆ పూట అది పదిహేడుసార్లు నడిచింది, పదిహేడుసార్లూ తప్పే చెప్పింది.

ఇంట్లో నజ్మున్నీసా కథంతా విని, ఆయన చేతిలోని క్యాసెట్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. తర్వాత కూరగాయల సంచీ అందించింది.

"అజీ, ఇయ్యాల బుధవారమే గదా. జల్దీ బండపల్లి పోయి వంకాయలు తీస్కరా."