అద్దాల బీరువాలో అక్షరాలు

నా చిన్నప్పుడు మా పక్కింటి పెద్దమ్మ నా చూపుడు వేలికి చదువు చెప్పింది. మా మనవరాలి చూపుడు వేలి మీద బడిలో స్కేలుతో కొట్టారు. జరిగిన అన్యాయం ఇంతే. ఇరవై ఏళ్ళు దాటినా అది నాకు మింగుడు పడలేదు కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. కోటగిరి వైపు కాలువ కింది పల్లె మాది. ఇంటిల్లిపాదికీ పొలం పనే. నన్ను బడికి పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చి ఉన్నా, బర్రెల వెంట పోవడానికి ఇంకొకరు దొరకరు కాబట్టి ఆ ఆలోచన అక్కడే ఆగిపోయేది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. గోడ అవతల ఇల్లు, అంతే. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఊళ్ళో ఎవరింట పెళ్ళి జరిగినా పాత్రల బాధ్యత ఆమెది. ఇప్పటిలా పాత్రలు కిరాయికి దొరికే రోజులు కావవి. గంగాళాలు, బిందెలు, చెంబులు ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చేవారు. పెళ్ళయిన మర్నాడు చింతపండు, బూడిద పెట్టి తోమి, ఎవరివి వారికి చేర్చాలి. తోమి బోర్లించాక అన్నీ ఒక్కలాగే మెరుస్తాయి. తేడా ఒక్కటే. ప్రతి పాత్రకూ అంచు కింద ఆ ఇంటివాళ్ళ పేరు సన్నటి ఉలితో కొట్టించి ఉంటుంది.

పెద్దమ్మకు అక్షరం రాదు. అయినా ఒక ఎండాకాలం పొద్దున, పందిరి కింద ఆ కుప్ప ముందు కూర్చుని, ఆమె ఒక్కొక్క పాత్రనూ వేరు చేస్తోంది. పాత్ర వైపు చూడటం కూడా లేదు. ఎవరితోనో పెళ్ళివారి మీద చాడీలు చెబుతూనే అంచు కింద వేలు జరిపి ఇటొకటి, అటొకటి పెట్టేస్తోంది. నేను బర్రెల సంగతి మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. ఎట్లా తెలుస్తుందని అడిగాను.

“కండ్లు మూస్కో” అంది.

మూసుకున్నాను. నా చూపుడు వేలు పట్టుకుని ఒక బిందె అంచు కింద ఆనించింది. “గీత యాడ మొదలైంది, యాడ మర్లింది, మంచిగ జూడు.”

“కండ్లు మూస్కుంటే ఎట్ల జూడాలె?”

“ఏలుతోని జూడు పిలగా. కండ్లు ఏడికి పోతయ్, మల్ల తెరుస్తవ్ గద.”

వేలి కింద గుండ్రంగా ఒక గాడి తగిలింది. దాని నెత్తిన పక్కకు లాగిన తోక. ఆ ఇంటి పాత్రలన్నీ అట్లాగే ఉంటాయని చెప్పి, ఒక్కో ఇంటిదీ ఒక్కోటి నా చేత తడిమించింది. ఆ తర్వాత కుప్పలోంచి ఒక చెంబు తీసి నా చేతిలో పెట్టి, ఇది ఎవరిదని నీకు అనిపిస్తే వాళ్ళింటికి తీసుకుపొమ్మంది.

నేను తప్పు ఇంటికే పోయాను. వాళ్ళు ఆ చెంబును తిప్పి చూసి నవ్వారు. “మాది గాదుర, మా చెంబుకు సొట్ట ఉంటది” అన్నారు. ఎండలో తిరిగి వచ్చాను. పెద్దమ్మ కోప్పడలేదు. ఫలానా వాళ్ళదని కూడా చెప్పలేదు. చెంబును నా ముందుకు జరిపి ఇంకోసారి తడమమంది. ఎన్నిసార్లు తిరిగానో, అరికాళ్ళు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి మాత్రం నా చేతిలోకి వచ్చిన పాత్ర మళ్ళీ వెనక్కి రావడం మానేసింది.

చీకటి పడే వేళకు నాకొక సంగతి తట్టింది. రాజవ్వ బిందె మీదా, రామయ్య గంగాళం మీదా మొదటి గాడి ఒకటే. ఆ రెండు పేర్లనూ పైకి అని చూసుకున్నాను. నోట్లో మొదట వచ్చే శబ్దమూ ఒకటే. అంటే ఆ గాడి పేరే ఆ శబ్దం. పరుగెత్తుకుపోయి పెద్దమ్మకు చెబితే “గట్లనా” అంది. అని ఊరుకోలేదు. ఆ బిందెనూ గంగాళాన్నీ పక్కపక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, రెండింటినీ తడిమి చూసుకుంది. చాలాసేపు తడిమింది.

ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ నాకు ముందే తెలుసు. పాత్రల మీది గీతలకు ఆ పేర్లు అతికించుకుంటూ పోయాను. ఇంకో రెండు ఎండాకాలాలు గడిచేసరికి దుకాణాల బోర్డులు చదివాను. ఆ తర్వాత పేపరు. బాన్సువాడ బస్టాండు దగ్గర సైకిల్ దుకాణం పెట్టాక, మా దుకాణం ముందు నలుగురు కూర్చుంటే పేపరు చదివి వినిపించేవాణ్ణి నేనే. పెద్దమ్మ పోయే ముందు తన పేరున్న ఇత్తడి చెంబు నాకిచ్చింది.

ఇప్పుడు మనవరాలి సంగతి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బాన్సువాడలో చిన్నపిల్లల ఇంగ్లీషు బడులు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఒక ఏప్రిల్‌లో పేపరు మధ్యలోంచి రంగు కాగితం ఒకటి జారిపడింది. మాంటిస్సోరి పద్ధతి అట, మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు ఎండాకాలం తరగతులట, చేతులతో పనులు చేయిస్తూ, ఆడిస్తూ నేర్పుతారట. మనవరాలికి అప్పుడు నాలుగేళ్ళు. ఏది దొరికినా విప్పి చూసే పిల్ల. మా దుకాణంలో నట్లూ బోల్టులూ దాని బొమ్మలు. కొడుకును వెంటబెట్టుకుని ఆ బడికి పోయాను.

ముందు గదిలోనే అద్దాల బీరువా ఉంది. అందులో ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీ రంగు చెక్కలు, తీగకు గుచ్చిన పూసలు, బొత్తాలు పెట్టడం నేర్పే గుడ్డ చట్రాలు, నీళ్ళు వంచుకునే బుల్లి జగ్గులు. అన్నిటికంటే పైన చెక్కపలకల మీద అతికించిన అక్షరాలు. బడి నడిపే మేడం బీరువా తెరిచి ఒక పలక నా చేతికిచ్చింది. “గరుకు కాగితంతోని కోసినయి అంకుల్. పిల్లలు ఏలుతోని రుద్దుకుంట నేర్చుకుంటరు” అంది.

వేలు జరిపాను. ఇంగ్లీషు అక్షరమే. అయినా నా వేలికి అది కొత్తగా అనిపించలేదు. పెద్దమ్మ పందిరి కింద చేసిన పనిని ఎక్కడో ఎవరో ఇంత శ్రద్ధగా చెక్కలు కోసి, కాగితం అతికించి, పిల్లల కోసం చేశారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫీజు విని వెనకాడుతున్న నా కొడుకును నేనే ఒప్పించాను.

వారం రోజుల తర్వాత ఒక పూట పిల్లను తీసుకురావడానికి కాస్త ముందుగా వెళ్ళాను. కిటికీలోంచి చూశాను. పిల్లలంతా చాప మీద వరుసగా కూర్చున్నారు. బోర్డు మీద ఏబీసీడీలు. రాసేవాళ్ళు రాస్తున్నారు. రాయడం అయిపోయినవాళ్ళు చేతులు కట్టుకుని ఊరికే కూర్చున్నారు. కాస్త కదిలితే, పిల్లల్ని చూసుకోవడానికి పెట్టిన ఆయమ్మ “చేతులు కట్టుకో” అని అరుస్తోంది. మా పిల్ల కూడా అట్లాగే కూర్చుంది, చేతులు చంకల్లో దోపుకుని. బీరువాకు తాళం వేసి ఉంది. పిల్లలు తాకకుండా అడ్డంగా ఒక బల్ల కూడా జరిపారు.

మేడంను అడిగాను, చేతులు కట్టేసి ఏం నేర్పుతారని. ఆమె చెడ్డమనిషి కాదు. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది.

“నాకు తెల్వదా అంకుల్? చేతులతోనే నేర్పాలని ట్రైనింగ్‌ల గూడ జెప్పిండ్రు. గని తల్లిదండ్రులు రాంగనే నోట్‌బుక్కు అడుగుతరు. పేజీ నిండకుంటే వచ్చే నెల పిల్లనే తోలరు. గా సామాను పోతె మల్ల హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. ఇగ నేనేం జెయ్యాలె, మీరే జెప్పండి.”

తెలియక చేస్తే ఒక మాట అనవచ్చు. తెలిసి చేసేవాళ్ళకు ఏం చెబుతాం? ఇంటికి వచ్చి కొడుకును అదే ప్రశ్న అడిగాను. “ఊరందరి పిల్లలు గట్లనే చదువుతుండ్రు బాపు. నీకేంది ఫికర్” అన్నాడు. మర్నాడు మళ్ళీ బడికి పోయాను. ఆ మరునాడూ పోయాను. మీ సామాను మీ బీరువాలోనే ఉండనీయండి, నా సామాను నేను తెస్తాను, శనివారం ఒక్క పూట పిల్లలను నాకు వదలండి అన్నాను. మేడం విసిగిపోయి సరే అంది.

ఆ శనివారం నేను తీసుకుపోయినవి ఏమంత గొప్ప వస్తువులు కావు. రెండు తట్టల్లో కందులు, శనగలు. నాలుగైదు చెంబులు. మా ఇంట్లో, పక్కిళ్ళలో దొరికిన పేర్లున్న గిన్నెలు. పిల్లలు మొదట ముట్టుకోలేదు. ఆయమ్మ వైపు చూశారు. ఆమెను నేనే కాసేపు బయట కూర్చోమన్నాను. అప్పుడు ఒక బక్కపిల్లాడు కందులు పోసిన చెంబు ఎత్తి గిన్నెలోకి వంచాడు. కందులు సగం నేలపాలయ్యాయి. వాడు వెంటనే వీపు ముడుచుకున్నాడు, దెబ్బ పడుతుందని. పడలేదు. నిదానంగా కూర్చుని ఒక్కొక్క గింజా ఏరి మళ్ళీ చెంబులో వేశాడు. రెండోసారి వంచినప్పుడు చాలా కొద్దిగా ఒలికాయి. నేను ఒక్క మాట చెప్పలేదు. కందులే చెప్పాయి వాడికి.

మా పిల్ల కళ్ళు మూసుకుని గిన్నె మీద వేలు జరుపుతూ “తాతా, గీడ సున్న ఉంది. సున్నకు తోక ఉంది” అంది. ఇంకో పిల్ల దాన్ని తోసి “నాకు గూడ తోక” అంటూ వేలు పెట్టింది. ఎండకు రేకుల గది కొలిమిలా ఉంది. ఒక్కరూ ఏడవలేదు, నీళ్ళు కూడా అడగలేదు. మేడం వాకిట్లో నిలబడి చూసింది. ఆమె ముఖంలో సంతోషం కనిపించిందనే ఇప్పటికీ అనుకుంటాను.

సోమవారం తల్లిదండ్రులు వచ్చారు. ఎరువుల దుకాణం ఆయన అందరికీ వినబడేలా “రేపటిసంది బోళ్ళు గూడ తోమిపిస్తడు కావచ్చు ముసలాయన” అన్నాడు. నవ్వారు. దానికి నేను జవాబు చెప్పగలను, చెప్పాను కూడా. కానీ నస్రుల్లాబాద్ వైపు నుంచి ఆటోలో పిల్లను పంపే ఒక కూలి తల్లి ఆ రోజు పని మానుకుని వచ్చింది. ఆమె కోప్పడలేదు. నా ముందు రెండు అరచేతులూ చాపింది. నాట్లేసి, కలుపు తీసి ఒరిసిపోయిన వేళ్ళు. గోళ్ళలో మన్ను ఇంకిపోయి ఉంది.

“నా చేతులు జూడు కాకా. పుట్టినకాడికెల్లి మట్టిల్నే, గింజలల్నే ఉన్నయ్. నా బిడ్డ చేతులు గట్ల గావద్దనే గద ఉపాసముండి గీడికి తోలుతున్న. నువ్వు మల్ల గింజలే ఇస్తివి. నీకు దండం పెడ్త, ఇడిసిపెట్టు.”

చేతితో చదువు వస్తుందని ఎవరికైనా చెప్పగలను. ఆ చేతులు చాపిన మనిషికి ఏమని చెప్పను? మేడం నా చెంబులన్నీ సంచిలో సర్ది ఇచ్చింది. ఇక రావద్దని ఆమె అనలేదు. అనవలసిన పని లేకపోయింది.

అంతటితో పోయినా బాగుండేది. నాలుగు రోజుల తర్వాత మా పిల్ల ఇంట్లోంచి గుప్పెడు కందులు గౌను జేబులో పోసుకుని బడికి తీసుకుపోయింది. అందరూ రాస్తుంటే అది వాటిని టిఫిన్ డబ్బాలో పోసి, అందులోంచి నీళ్ళసీసా మూతలోకి వంచుకుంటోంది. ఒలికాయి. ఏరుకోవడానికి చెయ్యి చాపింది. ఆయమ్మ ఆ చెయ్యి పట్టుకుని, చూపుడు వేలి మీద స్కేలుతో కొట్టింది. సంగతి ఆటో అబ్బాయి చెబితే తెలిసింది. పిల్ల చెప్పలేదు.

నేను పోయి గొడవ చేశాను. ఆయమ్మ ఏడ్చింది, మేడం క్షమించమంది, నా కొడుకు నన్ను భుజం పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. తాళం అట్లాగే ఉంది, బల్ల అట్లాగే ఉంది. మరుసటి సోమవారం పిల్లను అదే బడికి పంపారు. ఇంకో బడికి పోయి చూశాను. అక్కడ బీరువా కూడా లేదు.

మనవరాలు ఇప్పుడు పెద్దదైంది. బాగానే చదివింది. ఎవరి ముందు కూర్చున్నా చేతులు చంకల్లో దోపుకునే కూర్చుంటుంది, దానికే తెలియకుండా. నా దగ్గర పెద్దమ్మ చెంబు ఉంది. తోమి తోమి పేరు అరిగిపోయింది. పొద్దున నీళ్ళు తాగేటప్పుడు వేలు దానంతటదే అంచు కిందికి పోతుంది. ఏదో కొంచెం గరుకు తగులుతుంది. పెద్దమ్మతో పాటు, ఆ ఎండాకాలపు సాయంత్రమూ తగులుతుంది.

దెబ్బ తిన్న రోజు సాయంత్రం మా ఇంటి అరుగు మీద ఆ చెంబు నిండా కందులు పోసి, పక్కన ఖాళీ గిన్నె పెట్టి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టాను. వేలు కమిలి ఉంది. గింజల వైపు చూసింది. చెయ్యి కదిలింది, ఆగింది. రెండు చేతులూ కట్టుకుని నిటారుగా కూర్చుంది. మేడంనూ, కొడుకునూ, అందరినీ అడిగిన ప్రశ్నే దాన్నీ అడిగాను. చేతులు కట్టేసుకుంటే ఏం నేర్చుకుంటావు బిడ్డా అన్నాను. అది నా మోకాళ్ళ మీద ఉన్న నా చేతులు పట్టుకుని, ఒకదాని మీద ఒకటి మడిచి, నా చంకల్లోకి దోపి, బుద్ధిగా చెప్పింది:

“నువ్వు గూడ కట్టుకో తాతా. చేతులు కట్టుకుంటెనే సదువొస్తది.”